నొప్పి చెప్పని గుండె

ఫిబ్రవరి 12, మంగళవారం

ఆయన ఇవాళ కూడా పళ్లెంలో సగం వదిలేశాడు. తోటకూర, చేప ముక్క, పిడికెడు మొక్కజొన్న పిండి ఉగాలి. అంతకంటే పెట్టలేదు కూడా. నేను బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఆకలి లేని పిల్లాడి మొహం ఎలా ఉంటుందో, బయట తిని వచ్చిన పిల్లాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"బావో ఆట దగ్గర షెకువే వేరుశనక్కాయలు తెచ్చాడు. గుప్పెడు తిన్నాను, అంతే" అన్నాడు.

టాంగా రేవులో క్రేన్ నడిపినంత కాలం ఆయన పగలు ఇంటి మొహం చూసింది లేదు. ఇప్పుడు మధ్యాహ్నమైతే స్నేహితుడు షెకువే అరుగు మీద, ఆ గుంటల పలక ముందు చేరి గింజలు పంచుకుంటూ కూచుంటాడు. పోనీ, నా కాళ్ళకు అడ్డం పడకుండా ఉంటాడులే అనుకునేదాన్ని.

ఆయనకు చక్కెర జబ్బు బయటపడి తొమ్మిదేళ్ళు. ఆ వారమే నేనూ టీలో చక్కెర మానేశాను. ఎవరూ అడగలేదు. మానేశాను.

నాకు అనుమానమేమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

ఫిబ్రవరి 14, గురువారం

ఇవాళా సగమే.

ఫిబ్రవరి 20, బుధవారం

క్లినిక్ రోజు. రెండు రోజులుగా ఆయన బావోకి వెళ్ళలేదు. క్లినిక్ దగ్గర పడితే ఎప్పుడూ అంతే, గడప దాటడు. నిన్న నా పక్కన పీట వేసుకుని కొబ్బరి తురిమి పెట్టాడు. పెట్టిందంతా తిన్నాడు. రేవు కబుర్లు చెప్పి నవ్వించాడు. నెలలో ఆ రెండు రోజులూ నాకు కొత్తగా పెళ్ళయినట్టుంటుంది.

పొద్దున పరగడుపున వేలు గుచ్చి చూసిన నర్సు, "బాబాయ్, ఇది పెళ్ళికొడుక్కి రావాల్సిన సంఖ్య" అంది.

"అంతా ఈవిడ చలవే" అని ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. వరండాలో అందరి ముందూ. ఇంటికొచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉన్నట్టుంది.

మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఇంకోటుందట. దానికి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. "ఇంత బాగుంటే అదెందుకు?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

ఫిబ్రవరి 27, బుధవారం

చేపల మార్కెట్ నుంచి వస్తూ మసీదు మలుపులో ఆగిపోయాడు. ఎత్తు కూడా కాదు అది. గోడకు ఆనుకుని, దారినపోయేవాళ్ళకు సలాం చెప్పడానికే నిలబడినట్టు నటించాడు. పోయిన ఏడాది ఇదే దారిలో నన్ను వెనక వదిలేసి నడిచిన మనిషి.

"వయసు తౌసీ, వయసు" అన్నాడు. ఇంటికొచ్చాక, "నీ చిక్కుడు గింజలే కడుపులో గాలి పట్టిస్తున్నాయి" అన్నాడు.

చిక్కుడు గింజలు మానేస్తాను.

మార్చి 2, శనివారం

చొక్కా ఉతుకుతుంటే యాలకుల వాసన వచ్చింది. కాలర్ దగ్గర కాదు, జేబు దగ్గర. మా ఇంట్లో యాలకులు ఎప్పుడు వాడాను? పండక్కి కూడా వాడలేదు.

షెకువే అరుగుకి రెండిళ్ళ అవతల బట్టలు కుట్టే విధవ ఒకామె ఉంది. గుండ్రటి మొహం. అవసరం లేకపోయినా ఇవాళ ఒక గౌను గుడ్డ పట్టుకుని వెళ్ళాను. ఆమె ఇంట్లో మిషన్ నూనె వాసన తప్ప ఏమీ లేదు. టేపుతో నా నడుము కొలిచి, "అమ్మా, భలే సన్నబడ్డారు" అంది. నాకు నచ్చింది. నచ్చినందుకు కోపం వచ్చింది.

మార్చి 3, ఆదివారం

అడగాలనుకున్నాను. అడగలేదు.

మార్చి 10, ఆదివారం

ఆసుపత్రి వరండాలో కూచుని రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఆయన ఇంకా ఎండ తగ్గకముందే వచ్చేశాడు. మొహం బూడిద రంగు. చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టుంది. గుమ్మంలోనే వాంతి చేసుకున్నాడు. "నొప్పా? ఎక్కడ? గుండెల్లోనా?" అని అడిగాను. "నొప్పేం లేదు. గ్యాసే. కాస్త అల్లం టీ పెట్టు" అన్నాడు. ఆసుపత్రికి వెళదామంటే కసిరాడు. నొప్పి లేనివాణ్ణి మోసుకెళితే డాక్టర్లు నవ్వుతారట.

అల్లం టీ పెట్టి ఇచ్చాను.

తెల్లారేసరికి పడుకుంటే ఊపిరి అందడం లేదు. కూచుంటే అందుతోంది. మా అమ్మాయి రిజికికి ఫోన్ చేశాను. అల్లుడు కారు తెచ్చాడు. కారులో ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఏం లేదు రిజికి అమ్మా, ఏం లేదు" అంటూనే ఉన్నాడు. ఆ చెయ్యి చల్లగా, తడిగా, చేపలా ఉంది.

మార్చి 12, మంగళవారం

బతికాడు. ముందు అది రాసుకోవాలి.

డాక్టర్ మ్బాగా నా కూతురి ఈడు అమ్మాయి. కాగితం మీద గీతలు చూపించి చెప్పింది. ఇది గుండెపోటు. ఇదొక్కటే కాదు, కొన్ని నెలల కిందట ఇంకోటి వచ్చి పోయింది. దాని మచ్చ గుండె మీద ఉంది. గుండె ఇప్పుడు సగం బలంతోనే కొట్టుకుంటోంది.

"ఆయనకు ఎప్పుడూ నొప్పే రాలేదమ్మా" అన్నాను.

"అదే దీంతో వచ్చిన చిక్కు. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారిపోతాయి. చక్కెర జబ్బు వాళ్ళకి కాల్లో మేకు దిగినా తెలీదంటారు చూడండి, గుండెకీ అంతే. లోపల కండ చచ్చిపోతున్నా నొప్పని చెప్పలేదు. ఆయాసం, చెమటలు, వాంతి, ఊరికే నీరసం. ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకుని అల్లం తాగిస్తారు."

నేను తల దించుకున్నాను.

"కానీ ఆయన చక్కెర బాగుంటుంది. క్లినిక్‌లో ప్రతిసారీ మెచ్చుకుంటారు."

"పొద్దుటి సంఖ్య ఆ పొద్దుటిదే అమ్మా. మూడు నెలల సగటు తీశాను నేను. ఏడు దగ్గర ఉండాలి. పదకొండుంది." కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. "ఇంట్లో ఏం పెడుతున్నారు? నిజం చెప్పండి. నేను తిట్టను."

తిట్టను అంది. నాతో. నేను ఒకటో తరగతి పిల్లలతో అనేదాన్ని అలా.

చెప్పాను. తోటకూర, చేప, కొలిచి పెట్టే ఉగాలి, చక్కెర లేని టీ, పండగల్లో కూడా పాకం లేని ఇల్లు. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది. మంచం మీద ఆయన ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు. తిరగని ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"మాత్రలు?" అంది డాక్టర్. "చక్కెర ఒక్కదాంతో పోదు. అది రక్తనాళాల లోపలి గోడని పాడు చేస్తుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. బీపీ ఉంటే ఆ గోడ ఇంకా దెబ్బ తింటుంది. అందుకే చక్కెరకొకటి, బీపీకొకటి, కొవ్వుకొకటి రాశారు. మూడూ వేసుకుంటున్నారా?"

"నా చేత్తో ఇస్తాను."

"మింగడం చూస్తారా?"

చూడను. ఆయన చంటిపిల్లాడు కాదు. నా అరచేతిలోంచి తీసుకుని వాకిట్లోకి వెళతాడు, అంతే.

డాక్టర్ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, కాగితం మీద ఏదో రాసుకుంది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

నీరసం. మాట్లాడే ఓపిక లేక అయ్యుంటుంది.

మార్చి 13, బుధవారం

షెకువే చూడ్డానికొచ్చాడు, నారింజ పళ్ళతో. ఆయన నిద్రపోతున్నాడు.

"పాపం, జువేనా చేసే పాకం కైమాటి ఉండలు ఇక ఎవరు తింటారు తల్లీ?" అన్నాడు నాతో. "ఎండ అరుగు దిగేసరికి లేచిపోయేవాడు. ఆట గెలుస్తున్నా సరే, గింజలు అక్కడే పారేసి అక్క ఇంటికే."

నా మొహం చూసి ఆగాడు. "నీకు తెలుసు కదా?"

"తెలుసు" అన్నాను.

మార్చి 14, గురువారం

చుంబగేని పేటకు వెళ్ళాను. జువేనా వదిన ఇంటికి.

జువేనా వదిన ఈయనకు పదేళ్ళు పెద్ద. తల్లి పోతే ఈయన్ని పెంచింది ఆవిడే. పెళ్ళయిన కొత్తలో నాకు కొబ్బరిపాలు తీయడం నేర్పింది కూడా ఆవిడే. తలుపు తీసే ఉంది. సందు మొదట్లోనే యాలకుల వాసన తగిలింది.

మూకుట్లో కైమాటి వేగుతున్నాయి. పక్కన గిన్నెలో పాకం. గోడవారగా ఒక చాప, దాని మీద దిండు, ఒక పళ్లెం, మూతపెట్టిన కప్పు. ఎవరి కోసమో అడగక్కర్లేదు. రేవులో పనిచేసినప్పటి ఆయన పాత టోపీ మేకుకి వేలాడుతోంది. అది పోయిందని చెప్పాడు నాతో.

"రా తౌసీ, రా. తమ్ముడు లేచి కూచున్నాడా? ఉండు, డబ్బా కట్టిస్తాను. ఆ ఆసుపత్రి గంజి వాడికెక్కడ దిగుతుంది!"

"ఎన్నాళ్ళ నుంచి, వదినా?"

ఆవిడ చిల్లుల గరిటె తిప్పడం ఆపలేదు. "ఏంటి ఎన్నాళ్ళ నుంచి?"

"ఇక్కడ తినడం."

"తమ్ముడు అక్క ఇంటికి రావడానికి నీ దగ్గర చీటీ తీసుకోవాలా?"

"పాకంలో ముంచినవి, వదినా. రోజూ. ఆయన గుండె సగం చచ్చిపోయింది."

"చక్కెర వల్ల గుండె ఎందుకు పోతుందే? ఎవరు చెప్పారు? చక్కెర ఒంట్లో ఉంటుంది, గుండె ఛాతీలో ఉంటుంది." గరిటె ఠంగుమని గిన్నె అంచు మీద పెట్టింది. "చూడు తౌసీ. నీ ఇంట్లో వాడు రోగి. ఇక్కడ వాడు నా తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. వాణ్ణి కాదనమంటావా?"

"ఆయన అడిగాడా?"

"అడగలేదు." ఒక ఉండను పాకంలో ముంచింది. "చూశాడు."

అప్పుడు కనపడ్డాయి, గూట్లో అద్దం పక్కన. బీపీ మాత్రలు. ఈయనవే. నేను అరచేతిలో పెట్టి ఇచ్చినవి, గాజు సీసాలో.

"నాకు తల తిరుగుతోందంటే వాడే తెచ్చిచ్చాడు" అంది. "వాడికవి అక్కర్లేదంట. కొవ్వు మాత్రయితే ఎప్పుడో మానేశాడు. ఎముకలే ఉన్నాయి, నాకు కొవ్వెక్కడుందే అంటాడు. నవ్వుకునేవాళ్ళం."

నవ్వుకునేవాళ్ళు.

నేను లేచాను. ఆవిడ వెనకే వచ్చింది, డబ్బా చేతిలో పెట్టడానికి. గొంతు మెత్తబడింది. "క్లినిక్‌కి రెండు రోజుల ముందు రావొద్దని వాడికి నేనే చెప్పేదాన్ని తౌసీ. సంఖ్య బాగా రాకపోతే నలుగురిలో నీ పరువు పోతుందని. నీ కోసమే."

నా కోసమే. ఆ రెండు రోజులు. కొబ్బరి తురుము, రేవు కబుర్లు, భుజం మీద చెయ్యి.

డబ్బా విసిరికొట్టాలనుకున్నాను. తీసుకున్నాను. సందు చివర మూసిన కొట్టు మెట్ల మీద కూచుని మూత తీసి ఒకటి తిన్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత. పాకం ఇంకా వేడిగా ఉంది. ఎంత బాగుందో. ఇంకోటి తిన్నాను. నోటినిండా పెట్టుకుని, పైట కొంగులా తలగుడ్డ మొహమ్మీదికి లాక్కుని ఏడ్చాను.

మార్చి 15, శుక్రవారం

రిజికికి కూడా తెలుసట.

"నాన్న ఒట్టు పెట్టించుకున్నాడమ్మా. నువ్వు తిండి విషయంలో పోలీసులా ఉంటావు కదా, ఏం చెప్పమంటావు?"

"ఇంకెవరికి తెలుసు?"

నా వైపు చూడకుండా సంచి సర్దుకోసాగింది. అంటే అందరికీ. ఆ దర్జీ ఆమెకు కూడా తెలుసేమో. కొలతలు తీసుకుంటూ జాలిపడిందేమో.

మార్చి 17, ఆదివారం

అడిగాను. వార్డులో చూసిపోయేవాళ్ళంతా వెళ్ళాక, ఆయన దిండుకి ఆనుకుని కూచున్నాక.

"ఇంకో ఆడదైనా బాగుండేది, రిజికి నాన్నా" అన్నాను.

ఆయన నవ్వబోయాడు. నవ్వుకి కూడా ఊపిరి చాల్లేదు.

"నిజంగానే అంటున్నాను. ఆడదైతే మీ బట్టలు వీధిలో పడేసేదాన్ని. ఏం చెయ్యాలో తెలిసేది. దీనికేం చెయ్యను?"

దుప్పటి అంచు మడుస్తూ అన్నాడు. "నువ్వు కంచం పెట్టినప్పుడల్లా నాకు జబ్బు గుర్తొచ్చేది, తౌసీ. అక్క దగ్గర ఒక గంట మర్చిపోయేవాణ్ణి. నొప్పుంటే ఆపేసేవాణ్ణేమో. ఏమీ లేదు కదా. బాగానే ఉన్నాననుకున్నాను."

"సరే. తిన్నారు. దాచారు. మాత్రలు పంచిపెట్టారు. డాక్టర్ నన్ను దొంగని అడిగినట్టు అడిగితే ఎందుకు నోరు విప్పలేదు?"

"సిగ్గేసింది."

"నాకు వెయ్యలేదనుకున్నారా?"

కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడవలేదు.

మార్చి 22, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. మాత్రలన్నీ ఒక డబ్బాలో పోసి ఆయన మంచం పక్కన పెట్టాను. ఇప్పుడు చాలా ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఒకటి, గుండెకు బరువు తగ్గించేదొకటి, పాత మూడూ.

"ఇవి మీవి. వేసుకుంటారో, వీధికంతా పంచుతారో మీ ఇష్టం. ఇక నా అరచెయ్యి చాపను."

మార్చి 23, శనివారం

ఆయనతో మాట్లాడలేదు.

మార్చి 26, మంగళవారం

ఇవాళా మాట్లాడలేదు. తలుపు సందులోంచి చూశాను. వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు. మింగాడు. గొంతు కదిలింది.

చూడకూడదనుకున్నాను.

ఏప్రిల్ 4, గురువారం

డాక్టర్ చెప్పిన నడక మొదలుపెట్టాడు. మసీదు మలుపు దాకా వెళ్ళి రావడం. రోజూ కొంచెం పెంచాలి, ఆయాసమొస్తే ఆగాలి, చెమట పట్టినా కడుపులో తిప్పినా నొప్పి కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి రావాలి. పొగాకు ముట్టని మనిషి కావడం ఒక్కటే అదృష్టమంది ఆవిడ. నేను గుమ్మంలో బియ్యం ఏరుతూ కూచున్నాను. బియ్యంలో రాళ్ళేమీ లేవు.

ఏప్రిల్ 9, మంగళవారం

జువేనా వదిన వచ్చింది. మాత్రలు అయిపోయాయట, తల తిరుగుతోందట, ఆటోలోంచి దిగడానికే గోడ పట్టుకుంది. తలగుడ్డ వేసుకుని అదే ఆటోలో క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

నర్సు వేలు గుచ్చింది. చక్కెర ఆ మిషన్ కొలతలో పంతొమ్మిది. పది కూడా దాటకూడనిది. బీపీ చూసి ఇంకో నర్సుని పిలిచింది.

"నాకు నొప్పేం లేదే" అంది వదిన. "కాళ్ళు తిమ్మిర్లు, దాహం, అంతే. నొప్పి లేదంటే ఏమీ లేనట్టేగా? తౌసీ, చెప్పు. ఏమీ లేనట్టేగా?"

ఆవిడ కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ వేలు గుచ్చనివ్వనిది ఇందుకే.

గుండె పరీక్ష కూడా చేశారు. గుండె ఇంకా గట్టిగానే ఉందట. మాత్రలు మానకుండా, ఉప్పూ పాకమూ తగ్గించి, కాళ్ళు ఆడిస్తే అలాగే ఉంచుకోవచ్చట. ఆయనకు దొరకని సమయం ఆవిడకు దొరికింది.

తిరిగొచ్చేటప్పుడు, "నా తమ్ముణ్ణి నేనే చంపబోయానా?" అని అడిగింది.

ఆటో దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను, పడిపోతుందని.

ఏప్రిల్ 18, గురువారం

డాక్టర్ మ్బాగా దగ్గరికి. గుండె కాస్త తేరుకుందట. పూర్తిగా ఎప్పటికీ కాదు. మూడు నెలల సగటు మళ్ళీ జూన్‌లో చూస్తుంది.

ఆవిడ నా వైపు తిరిగి, "ఇంట్లో తిండి విషయం ఇప్పుడు జాగ్రత్తగా ఉంటున్నారా అమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బళ్ళో తప్పు చేసిన పిల్లాడిలా.

"ఈవిణ్ణి అడక్కండి డాక్టరమ్మా. ఈవిడ మొదట్నించీ జాగ్రత్తగానే ఉంది. నేనే బయట తిన్నాను. దాచాను. మాత్రలు నేనే వేసుకోలేదు. ఆ రోజు మీరు ఈవిణ్ణి అడుగుతుంటే నేను విన్నాను. విని ఊరుకున్నాను."

డాక్టర్ రాసుకుంటున్న కలం ఆగలేదు. "సరే బాబాయ్, మంచిది, ఇకనుంచి మానండి. తర్వాత ఎవరు?"

అంతే. ఆవిడకు రోజూ ఇలాంటివాళ్ళు ఎంతమందో. నన్ను అడిగిన సంగతే ఆవిడకు గుర్తున్నట్టు లేదు. నేను మాత్రం ఆ ఒక్క ప్రశ్నతో నెలంతా నిద్ర లేకుండా గడిపాను.

బయట ఎండ మండిపోతోంది. మెట్లు దిగేటప్పుడు ఆయన చెయ్యి చాపాడు.

చెయ్యి ఇవ్వలేదు. మందుల సంచి ఇచ్చాను. పెద్ద బరువేమీ కాదు. అంతమాత్రం మొయ్యొచ్చంది డాక్టర్.

మే 7, మంగళవారం

రంజాన్ మొదలైంది. ఆయనకూ వదినకూ ఉపవాసం వద్దన్నారు. జీవితంలో మొదటిసారి, ఇద్దరికీ.

వదిన మధ్యాహ్నం వచ్చింది. తన ఇంట్లో ఒక్కతే పొయ్యి వెలిగిస్తే ఇరుగుపొరుగు వాసన పట్టేస్తారని సిగ్గట. నేను ఉపవాసంతోనే వండాను. నాలుక మీద వేసి చూడలేదు, ఉప్పు అందాజుగా వేశాను. చేప, తోటకూర, రెండు చిన్న ముద్దల ఉగాలి. ఇద్దరినీ చాప మీద ఎదురెదురుగా కూచోబెట్టాను.

"ఇదేం తిండే తౌసీ, ఆవుక్కూడా ఇంకాస్త ఉప్పు వేస్తారు" అని గొణిగింది వదిన.

"తిను అక్కా" అన్నాడు ఆయన.

ఊరంతా ఉపవాసమున్న వేళ. వీధిలో ఎవరో నడిచిపోతున్న చప్పుడైంది. ఆయన ముద్ద పళ్లెంలో వదిలి, తలుపు వెయ్యడానికి లేచాడు.

"తీసే ఉంచండి" అన్నాను.

"చూస్తారు తౌసీ."

"చూడనివ్వండి."

వెనక్కి వచ్చి కూచున్నాడు. వీధికి ఎదురుగా, తల దించుకుని, ఒక్కొక్క ముద్దే తిన్నాడు. నేను గడప మీద కూచుని చూశాను, పళ్లెం ఖాళీ అయ్యేదాకా.